‘ఫైట్ క్లబ్’ చివరి పాట: బెజవాడ కాలేజీ హాల్లో సినిమా వేసి, పాట వాయించే పద్ధతి

‘ఫైట్ క్లబ్’ సినిమా నిడివి 139 నిమిషాలు. పిక్సీస్ బృందం పాడిన ‘వేర్ ఈజ్ మై మైండ్?’ పాట అందులో వినపడేది ఒక్కసారే, అదీ ఆఖర్లో. అయినా పాతికేళ్ళుగా ఆ పాట ఎక్కడ మోగినా కిటికీ ముందు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డ ఇద్దరూ, అవతల కూలుతున్న మేడలూ కళ్ళ ముందుకొస్తాయి. ఈ సినిమాను కాలేజీ హాల్లో వేసి, అయ్యాక అదే పాటను తమ బ్యాండుతో వాయించాలనుకునే బెజవాడ, గుంటూరు ఫిల్మ్ క్లబ్బుల కోసం ఈ పద్ధతి రాస్తున్నాం. సినిమా చూడనివాళ్ళు ఇక్కడ ఆగి, ముందు అది చూసి రండి. ముగింపు గురించి దాచకుండా మాట్లాడుకోక తప్పదు.

మొత్తం పనిలో కాపాడుకోవలసింది ఆ చివరి నాలుగైదు నిమిషాలు. మన హాళ్ళకున్న అలవాట్లన్నీ సరిగ్గా అక్కడే దెబ్బ కొడతాయి. కథ తేలిందనిపించగానే జనం లేస్తారు, వాచ్‌మన్ తలుపు తీస్తాడు, ఎవరో ఒకరు ట్యూబ్‌లైట్లు వేస్తారు. శుభం కార్డు పడకముందే బండి స్టాండు వైపు పరిగెత్తడం మనకు థియేటర్లు నేర్పిన విద్య. మన సినిమాల్లో పాటలన్నీ ముందే అయిపోయి ఆఖర్లో ఫైటు మిగులుతుంది కాబట్టి అది చెల్లిపోతుంది. ఇందులో ఆఖర్లో మిగిలింది పాటే.

పాట ముందు పుట్టింది, సందర్భం తర్వాత దొరికింది

మన దగ్గర దర్శకుడు సందర్భం చెబితే సంగీత దర్శకుడు బాణీ కడతాడు. ఇక్కడ వరస తిరగబడింది. పాట 1988లో వచ్చిన ‘సర్ఫర్ రోజా’ ఆల్బమ్‌లోది. రాసినవాడు పిక్సీస్ గాయకుడు బ్లాక్ ఫ్రాన్సిస్. కరీబియన్ సముద్రంలో నీళ్ళలో మునిగి ఈదుతుంటే ఓ చిన్న చేప తన వెంటపడిందని, పాట అక్కడి నుంచి వచ్చిందని ఆయనే చెప్పాడు. మేడలకీ, బాంబులకీ దానితో ఏ సంబంధమూ లేదు. దర్శకుడు డేవిడ్ ఫించర్ తీసిన ఈ సినిమా 1999లో వచ్చింది, అంటే పదకొండేళ్ళ తర్వాత. అప్పటికి పిక్సీస్ విడిపోయి ఆరేళ్ళయింది. సినిమా కూడా మొదట్లో నిలబడలేదు. సుమారు 6.3 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే అమెరికా థియేటర్లలో 3.7 కోట్లు వచ్చాయి. తర్వాత డీవీడీల్లో చూసినవాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆడని సినిమా, విడిపోయిన బ్యాండు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని లేచాయి. 2004లో పిక్సీస్ మళ్ళీ కలిసేనాటికి, వాళ్ళ ఆల్బమ్ ఒక్కటీ వినని కుర్రాళ్ళకు కూడా ఈ పాట తెలుసు.

ఎందుకు అంతలా అతుక్కుంది? మా లెక్కలో ముఖ్య కారణం, పాట తర్వాత ఇంకేమీ లేకపోవడం. దానిపైన మరో సన్నివేశం వచ్చి పడి చెరిపేయదు. రెండో కారణం, తెర మీద అంత విధ్వంసం జరుగుతుంటే పాట కంగారుపడదు. నెమ్మదిగా, దాదాపు జోలపాటలా నడుస్తుంది. ఆ రెండింటికీ మధ్యనున్న ఎడం వల్లే అది గుర్తుండిపోతుంది.

దీన్నుంచి మొదటి నియమం వస్తుంది: ఆ రోజు సినిమాకు ముందు ఈ పాట హాల్లో వినపడకూడదు. జనం వచ్చి కూర్చునే అరగంటలో మైకుసెట్టు అబ్బాయి ఏదో ఒకటి వేస్తాడు, అందులో ఇది ఉండకూడదు. సౌండ్ చెక్‌కి ఇదే వాయిస్తే తలుపులు తీయకముందే ముగించండి. పోస్టర్‌లో, వాట్సాప్ స్టేటస్‌లో, ప్రచారం రీల్‌లో పాట వేయకండి. ‘సినిమా తర్వాత బ్యాండు ఉంది’ అని రాస్తే చాలు. ఏ పాటో రాయొద్దు.

అనుమతులు

సినిమా పెద్దవాళ్ళది. హింస ఉంది, నగ్నత ఉంది. ఇంటర్ పిల్లలుండే క్యాంపస్‌లో ఇది చాలా ముఖ్యం. బెజవాడలో ఒకే ఆవరణలో ఇంటర్, డిగ్రీ, ఇంజనీరింగ్ నడిచే సంస్థలు కొల్లలు. గుమ్మం దగ్గర ఐడీ కార్డు చూసి, 18 నిండనివాళ్ళను నొప్పించకుండా వెనక్కి పంపే మనిషిని పెట్టండి.

కాపీరైట్ చట్టం 1957లో 52(1)(జె) కింద, విద్యాసంస్థ కార్యక్రమాల్లో భాగంగా సినిమా వేసుకోవచ్చు. అయితే చూసేవాళ్ళు ఆ సంస్థ సిబ్బంది, విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులు, సంస్థ పనులతో సంబంధం ఉన్నవాళ్ళు మాత్రమే అయి ఉండాలి. ‘పక్క కాలేజీ స్నేహితులను తీసుకురండి’ అని ఒక్క మాట రాస్తే ఆ వెసులుబాటు పోయినట్టే. బయట కళ్యాణ మండపంలోనో కేఫ్‌లోనో వేయాలంటే హక్కుదారు నుంచి ప్రదర్శన అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికి ఇచ్చింది, దాన్ని హాలు తెర మీద వేయకండి. బ్యాండు వాయించడం వేరే సంగతి. డబ్బు తీసుకోని ప్రేక్షకుల ముందు ఔత్సాహిక బృందం పాట వాయించడానికి 52(1)(ఎల్) చోటిస్తుంది. టిక్కెట్టు పెడితే అది వర్తించదు. ఈ సంగతులన్నీ ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, ప్రిన్సిపాల్ సంతకం తీసుకుని ఫైల్లో పెట్టుకోండి.

సంతకానికి వెళ్ళినప్పుడే ఇంకొక సంగతి చెప్పేయండి. మేడలు కూలాక, టైటిల్స్ పడబోయే ముందు, కన్ను ఆర్పేలోపు ఒక నగ్నచిత్రం మెరుస్తుంది. సినిమాలో ముందు చెప్పిన ఒక విషయానికి అది ముడి. పొరపాటున వచ్చిన ముక్క అనుకోకండి. దాచిపెట్టి తర్వాత మాటపడటం కంటే ముందే చెప్పడం మేలు. వద్దే వద్దంటే, ఆ చోట ఫైలును ముందుకు జరపకండి, పాట గెంతుతుంది. ప్రొజెక్టర్ పక్కన ఒకరు నిలబడి రెండు సెకన్లు లెన్సు ముందు నల్ల అట్ట పెడితే బొమ్మ పోతుంది, పాట నిలుస్తుంది. ముందురోజు అయిదారుసార్లు చేసి చూడండి, చెయ్యి కుదురుతుంది.

ఏ కాపీ

ఈ మెట్టును ఎవరూ పట్టించుకోరు, బ్యాండు దెబ్బతినేది మాత్రం ఇక్కడే. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీసింది. మన దేశంలో, ఐరోపాలో చాలా డీవీడీలు పాల్ అనే టీవీ పద్ధతిలో 25 ఫ్రేములతో నడుస్తాయి. అంటే సుమారు 4 శాతం వేగం ఎక్కువ. 139 నిమిషాల సినిమా 133 నిమిషాల్లో అయిపోతుంది. వేగంతో పాటు శ్రుతి కూడా పైకి పోతుంది, ఇంచుమించు ముప్పావు అరస్వరం. పాట అసలు శ్రుతి ఈ (E) అయితే, ఆ డీవీడీలో అది ఎఫ్ (F)కి దగ్గరగా వినపడుతుంది. జనం చెవుల్లో అది మోగుతుండగానే మీరు సరైన ఈ (E)లో మొదలుపెడితే, మీరే శ్రుతి తప్పి కిందికి జారినట్టు ఉంటుంది. తప్పు మీది కాదు, కానీ పడేది మీ మీదే. శ్రుతి మార్చకుండా నిడివి సరిచేసిన డిస్కులు కూడా ఉంటాయి కాబట్టి నిడివిని నమ్ముకోకండి. చివరి పాట పెట్టి, గిటార్‌తో ఈ (E) తీగ మీటి పోల్చి చూసుకోండి. వీలైతే బ్లూరే వాడండి, అందులో ఈ గొడవ ఉండదు.

రెండో పరీక్ష, ముగింపు మొత్తం ఉందా లేదా అని. 2022 జనవరిలో చైనాలో టెన్సెంట్ వీడియోలో ఈ సినిమా పెట్టినప్పుడు మేడలు కూలే ముగింపు తీసేసి, పోలీసులు పథకాన్ని ఆపేశారని ఒక వాక్యం వేశారు. గోల లేచాక చాలావరకు తిరిగి చేర్చారు. ముగింపు పోతే పాటా పోతుంది. అందుకని మీ కాపీ ఏదైనా చివరి పదిహేను నిమిషాలు, టైటిల్స్‌తో సహా, ఒకసారి పూర్తిగా చూడండి. పాట ఏ నిమిషం ఏ సెకనులో మొదలవుతోంది, టైటిల్స్ ఎప్పుడు పడుతున్నాయి, పాట ఎప్పుడు ముగిసింది, మూడూ కాగితం మీద రాసుకోండి. ఆ రాత్రి అందరి చేతిలో ఉండాల్సింది ఈ మూడు అంకెల కాగితం.

ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేయండి. మాట వేగం ఎక్కువ, హాల్లో సగం మాటలు కలిసిపోతాయి. అయితే వినికిడి లోపం ఉన్నవారి కోసం చేసిన సబ్‌టైటిల్స్ ఫైలు అయితే చివర్లో పాట సాహిత్యం కూడా తెర మీద పడుతుంది. కూలుతున్న మేడల కింద అక్షరాలు పరిగెడుతుంటే కళ్ళు అక్కడికే పోతాయి. మామూలు సబ్‌టైటిల్స్ ఫైలు ఎంచుకోండి.

హాలు

ఈ సినిమా ఛాయాగ్రహణం చీకటి మీద ఆధారపడింది. కిటికీలోంచి వెలుతురు పడితే సగం సన్నివేశాలు బూడిదరంగు గోడలా కనపడతాయి. బెజవాడలో డిసెంబరులో 5:30–5:45 మధ్య పొద్దు గుంకుతుంది, మే చివర్లో 6:30 దాటుతుంది. సెమినార్ హాళ్ళకు వేసే లేత తెరలు చాలవు. వన్‌టౌన్ బట్టల కొట్లలో నల్ల కాటన్ గుడ్డ కొని రెండు మడతలు వేసి, పైన మేకులకు కట్టండి. తలుపు మీది అద్దపు పలకలను, ‘ఎగ్జిట్’ బోర్డు పక్కనున్న ట్యూబ్‌లైటును మరిచిపోతారు. బోర్డును మాత్రం ఆర్పకండి, కప్పకండి. బొమ్మ 10 అడుగుల వెడల్పు ఉంటే, హాలు నిజంగా చీకటైతే, 3,000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ సరిపోతుంది. పిక్చర్ మోడ్‌ను సినిమాకు మార్చండి. క్లాసుల కోసం పెట్టిన ప్రెజెంటేషన్ మోడ్‌లో నలుపంతా నీలంగా మారుతుంది.

5:30కి మొదలుపెడితే, 70–75 నిమిషాల దగ్గర ఒక సన్నివేశం ముగిసిన చోట పది నిమిషాల విరామం ఇచ్చి, దాదాపు 8కి ముగుస్తుంది. ఈ సినిమాకు ఇంటర్వెల్ లేదు, ఇవ్వకూడదని వాదించేవాళ్ళున్నారు. ఇవ్వకపోతే ఆఖరి అరగంటలో ఒక్కొక్కరే లేచి వెళ్ళొస్తుంటారు, తలుపు తెరిచినప్పుడల్లా వరండా లైటు తెర మీద పడుతుంది. మనకు కావలసిన చోటే నష్టం. విరామం ఇవ్వడమే మంచిది. 8:05కి బ్యాండు, 8:20కి అయిపోతుంది, హాస్టల్ గేటు టైముకు ఇబ్బంది ఉండదు.

కరెంటు సంగతి. జనరేటర్ ఉన్నా అందుకోవడానికి పది పదిహేను సెకన్లు పడుతుంది. ఆ లోపు ల్యాంపు ప్రొజెక్టర్ ఆరితే, చల్లబడి మళ్ళీ వెలగడానికి ఒకటి రెండు నిమిషాలు కావాలి. లాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద తన పాటికి తాను నడిచిపోతూ ఉంటుంది. లైట్లొచ్చేసరికి సినిమా రెండు నిమిషాలు ముందుంటుంది. ప్రొజెక్టర్, లాప్‌టాప్, మిక్సర్ మూడింటికీ కలిపి ఒక 1 కేవీఏ యూపీఎస్ పెట్టండి. స్పీకర్ బాక్సులను దానికి తగిలించకండి, లాగలేదు. లాప్‌టాప్ దగ్గర ఒక మనిషి కదలకుండా కూర్చోవాలి. కరెంటు పోతే అతని పని ఒకటే, స్పేస్‌బార్ నొక్కడం.

సౌండు

మైకుసెట్టు మాట్లాడేటప్పుడు ‘సినిమా, ఆ తర్వాత అయిదుగురి బ్యాండు’ అని స్పష్టంగా చెప్పండి. లేకపోతే ఊరేగింపుకు తెచ్చే బేస్ బాక్సులు దించుతారు. 150–200 మంది కూర్చునే హాలుకు 12 లేదా 15 అంగుళాల పవర్డ్ బాక్సులు రెండు చాలు. బేస్ ఎక్కువైతే పేలుళ్ళు హాలును ఊపేస్తాయి, వాటి పక్కన మొదలయ్యే గిటార్ అందులో మునిగిపోతుంది.

సౌండును ప్రొజెక్టర్ జాక్ నుంచి తీసుకోకండి. హెచ్‌డీఎంఐ ద్వారా వెళ్ళి తిరిగొచ్చే దారిలో చాలా ప్రొజెక్టర్లు ఆలస్యం చేస్తాయి, పెదవులకూ మాటకూ పొంతన పోతుంది. లాప్‌టాప్ నుంచి నేరుగా మిక్సర్‌కు, మధ్యలో డీఐ బాక్సు (సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే చిన్న పెట్టె) పెట్టి తీసుకెళ్ళండి. గుయ్‌మనే 50 హెర్ట్జ్ రొద వస్తే, లాప్‌టాప్, మిక్సర్, ప్రొజెక్టర్ ఒకే పాయింటు నుంచి తీసుకున్నారా చూడండి. తర్వాత డీఐ బాక్సు మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. అప్పటికీ పోకపోతే చార్జర్ పీకేసి చివరి అరగంట బ్యాటరీ మీద నడపండి. కొందరు ఆపరేటర్లు ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేసో, టేపు చుట్టో రొద ఆపుతారు. ఇది మాత్రం ఒప్పుకోకండి. గిటార్ తీగ మీద చెయ్యి, మైకు మీద పెదవి ఉన్న మనిషికి షాకు కొట్టేది ఇలాంటి చోటే.

సినిమా ధ్వని 5.1 ఛానళ్ళలో, అంటే అయిదు బాక్సులకూ ఒక బేస్ బాక్సుకూ విడివిడిగా ఉంటుంది. ప్లేయర్ సెట్టింగులో స్టీరియో డౌన్‌మిక్స్ (అన్నిటినీ రెండు బాక్సులకు కలిపేది) పెట్టకపోతే మధ్య ఛానల్లో ఉండే మాటలు నీరసంగా వినపడతాయి, పేలుళ్ళు మాత్రం చెవులు పగలగొడతాయి. స్థాయి ఎంతో తేల్చేది చివరి దృశ్యంతోనే. మధ్యాహ్నం ఖాళీ హాల్లో ఆ దృశ్యం వేసి, పేలుడు పెద్దగా ఉన్నా బాధించకుండా, పాట చివరి వరుసకు తేటగా చేరేలా ఫేడర్ (మిక్సర్ మీద సౌండు తగ్గించి పెంచే జారుడు మీట) పెట్టి, పక్కన టేపు ముక్క అంటించి గీత గీయండి. జనం నిండాక సౌండు కొంత పీల్చుకుంటారు కాబట్టి గీతను వేలెడు పైన పెట్టుకోవచ్చు. ఆ తర్వాత ఆపరేటర్ ఫేడర్ ముట్టుకోకూడదు. పేలుడు రాగానే భయపడి తగ్గించడం, పాట రాగానే హుషారుగా పెంచడం రెండూ చెడగొట్టేవే.

చివరి దృశ్యానికి సినిమా సౌండు తీసేసి, బ్యాండే ఆ పాటను నేరుగా వాయించాలని చాలామందికి అనిపిస్తుంది. చేయవచ్చు. 5.1లో మధ్య ఛానల్ ఒక్కటే వదిలితే మాటలు చాలావరకు నిలుస్తాయి, పాట తగ్గుతుంది. కానీ పేలుళ్ళు కూడా పాటతో పాటే పక్క ఛానళ్ళలో ఉన్నాయి, అవీ పోతాయి. డ్రమ్మర్ ఒక్క బీటు తడబడితే మేడ ముందు కూలుతుంది, పాట వెనకపడుతుంది. మా సలహా, ఆ రికార్డును దాని చోట ఉండనివ్వండి. జనం ప్రేమించింది దాన్ని. మీ వంతు తర్వాత.

చివరి పదిహేను నిమిషాల కాపలా

లైటు స్విచ్చుల దగ్గర ఒకరు, ప్రతి తలుపు దగ్గరా ఒకరు. విరామం అయిపోయాక వీళ్ళు వాచ్‌మన్‌తో, ఎలక్ట్రీషియన్‌తో మళ్ళీ ఒకసారి చెప్పాలి, ‘టైటిల్స్ పడినా లైట్లు వేయొద్దు, మేం చెప్పాకే’ అని. ముందురోజు చెప్పింది గుర్తుండదు, డ్యూటీ మారిపోతుంది కూడా. తలుపులకు గడియ పెట్టకండి, అది ప్రమాదం. మనిషి నిలబడి, వెళ్ళాలనుకునేవారిని మెల్లగా పంపితే చాలు. ఏసీ రిమోట్ కూడా తీసిపెట్టండి. సినిమా అయిపోయిందనుకుని ఎవరో ఆపితే వచ్చే ‘టిక్’ చప్పుడు నిశ్శబ్దంలో పెద్దగా వినిపిస్తుంది.

పాట టైటిల్స్ మీద పూర్తిగా అయ్యేదాకా నడవనివ్వండి. తర్వాత ప్రొజెక్టర్‌ను బ్లాంక్ చేసి, స్టేజి మీద ఒక్క లైటు వేయండి.

పాటను వాయించడం

బ్యాండుకు కావలసింది అకౌస్టిక్ గిటార్‌తో పాడే ఒకరు, ఎలక్ట్రిక్ లీడ్, బేస్, డ్రమ్స్, ఒక ఆడగొంతు. పిక్సీస్‌లో ఆ ఆడగొంతు బేస్ వాయించిన కిమ్ డీల్‌దే. మీ బేసిస్టు పాడగలిగితే నలుగురితో సరి.

కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) నాలుగు, ఇదే వరసలో తిరుగుతాయి: ఈ (E) మేజర్, సీ షార్ప్ మైనర్, జీ షార్ప్ మేజర్, ఏ మేజర్. లావు తీగ నుంచి సన్న తీగకు లెక్కిస్తే (అంకె నొక్కాల్సిన ఫ్రెట్టుది, 0 అంటే నొక్కకుండా మీటడం) ఈ (E) 0-2-2-1-0-0. సీ షార్ప్ మైనర్‌కు లావు తీగ వదిలి 4-6-6-5-4. జీ షార్ప్ 4-6-6-5-4-4. ఏ (A)కు లావు తీగ వదిలి 0-2-2-2-0. నడిమి రెండు కార్డులకూ చూపుడు వేలు నాలుగో ఫ్రెట్టు మీదే అడ్డంగా ఉంటుంది. మిగతా వేళ్ళ ఆకారం కూడా అదే, లావు తీగల వైపు ఒక్క తీగ జరుగుతుంది. ఇది గమనిస్తే కొత్తవాళ్ళకు కూడా రెండు రోజుల్లో చెయ్యి తిరుగుతుంది.

మూడో కార్డును చాలామంది జీ షార్ప్ మైనర్‌గా వాయిస్తారు. ఈ (E) స్కేలుకు సహజంగా వచ్చేది అదే, ఇంటర్నెట్‌లో కొన్ని చోట్ల అలానే రాసి ఉంటుంది. పాట అక్కడే చచ్చిపోతుంది. కారణం మన సంగీతం తెలిసినవాళ్ళకు చప్పున అర్థమవుతుంది. మూడో శ్రుతిని, అంటే ఈ (E)ని, షడ్జమంగా పెట్టుకుంటే ఇవి శంకరాభరణం స్వరాలు. రెండో కార్డులో చతుశ్రుతి ధైవతం ఉంది. మూడో కార్డు మేజర్ అయినప్పుడు అది శుద్ధ ధైవతానికి దిగి, నాలుగో కార్డులో మళ్ళీ చతుశ్రుతికి ఎక్కుతుంది. భాషాంగ రాగంలో అన్యస్వరం (ఆ రాగానికి చెందని స్వరం) మెరిసినట్టు, ఆ శుద్ధ ధైవతం క్షణంపాటు మెరిసి పోతుంది. పాటలోని ఆ గుండె జారే భావం దానిదే. మైనర్ వాయిస్తే అక్కడ పంచమం పడుతుంది, అంతా చక్కగా, చప్పగా సర్దుకుంటుంది. మ్యూజిక్ కాలేజీలో నేర్చుకునే స్నేహితులుంటే, ఆ మూడు స్వరాలు పాడించుకుని బ్యాండంతా వినండి.

వేగం నిమిషానికి సుమారు 80 బీట్లు. ఒక్కో కార్డుకు రెండు బీట్లు, నాలుగు కార్డుల చుట్టుకు 6 సెకన్లు. స్టేజి ఎక్కగానే ఇది 90కి పోతుంది. అప్పుడు చుట్టు 5.3 సెకన్లకు పడిపోయి, జోలపాట కాస్తా కవాతు పాటవుతుంది. డ్రమ్మర్ చెవిలో మెట్రోనోమ్ పెట్టండి, ఫోన్ యాప్ చాలు. రిహార్సల్లో 76తో మొదలుపెట్టి అలవాటు చేస్తే స్టేజి మీద 80 దగ్గర ఆగుతారు.

రికార్డులో మొదట ఆడగొంతు ‘ఊ’ అంటుంది, మగగొంతు ఆపమని ఒక్క మాట అంటుంది, అకౌస్టిక్ గిటార్ ఒంటరిగా మొదలవుతుంది. డ్రమ్స్, బేస్, లీడ్ తర్వాత చేరతాయి. ఆ వరస మార్చకండి. ఆ మగగొంతు మాట మీ సౌండ్ ఆపరేటర్‌కు ముందే చెప్పండి, నిజంగా ఆపమన్నారనుకుని మైకులు కట్ చేసే ప్రమాదం ఉంది.

‘ఊ’ పాడేవారికి శాస్త్రీయ శిక్షణ ఉంటే స్వరం మీద గమకం దానంతట అదే వచ్చేస్తుంది. ఇక్కడ గమకం వద్దు, ఊపు వద్దు, దీపం నిలకడగా వెలిగినట్టు ఒకే గీతగా ఉండాలి. ఇద్దరు ముగ్గురిని పాడించి, గొంతు గొప్పదనం చూడకుండా నిలకడ చూసి ఎంచుకోండి. మైకుకు జానెడు ఎడం ఉంచండి. ఆల్బమ్ రికార్డ్ చేసిన స్టీవ్ అల్బినీ ఈ గొంతుకు యంత్రపు ప్రతిధ్వని వాడకుండా, పరికరాలను స్టూడియో బాత్రూమ్‌లోకి మార్చి అక్కడి గోడల ప్రతిధ్వనిని పట్టాడు. మీరూ ఒకసారి టైల్స్ వేసిన బాత్రూమ్‌లోనో, అపార్ట్‌మెంట్ మెట్ల దారిలోనో పాడించి ఫోన్‌లో రికార్డ్ చేయండి. హాల్లో మిక్సర్ రివర్బ్‌ను దానికి దగ్గరగా, ఒకటిన్నర నుంచి రెండు సెకన్ల నిడివితో పెట్టండి. ఆ రివర్బ్ ఈ ఒక్క మైకుకే ఉండాలి. డ్రమ్స్‌కూ మగగొంతుకూ వేస్తే అంతా బురద.

లీడ్ గిటారిస్టుకు చెప్పవలసింది ఒక్కటే, తగ్గించమని. పిక్సీస్ లీడ్ గిటారిస్టు జోయీ శాంటియాగో వాయించింది కొద్ది స్వరాలు, వాటినే మళ్ళీ మళ్ళీ. వేగపు పరుగులు చేర్చితే, చేర్చినవాడి పనితనం కనపడుతుంది, పాట కనపడదు.

డ్రమ్స్ అద్దెకు అడిగితే మన ఆర్కెస్ట్రా వాళ్ళ దగ్గర ముందు దొరికేది రిథమ్ ప్యాడ్. ఈ పాటకు గది ప్రతిధ్వనితో వచ్చే నిజమైన డ్రమ్ సెట్ కావాలి, దాని కోసం ఇంకో రెండు చోట్ల అడగండి. చిన్న హాల్లో కిక్‌కు ఒక మైకు, పైనుంచి ఒక మైకు చాలు. ప్యాడ్ తప్పకపోతే, అందులో గది ధ్వని ఉన్న కిట్ ఎంచుకుని, పాట మొత్తానికి అదొక్కటే వాడండి.

మగగొంతుకు ఈ శ్రుతి ఎక్కువైతే ఒక స్వరం దించి డీ మేజర్, బీ మైనర్, ఎఫ్ షార్ప్ మేజర్, జీ మేజర్ వాయించవచ్చు. అయితే సినిమా పాట చెవుల్లో ఉండగానే దిగువన మొదలుపెడితే జారినట్టుంటుంది. మధ్యలో అయిదు నిమిషాల మాట పెట్టండి. పాల్ డీవీడీ తప్పనిసరైనవాళ్ళకు కూడా ఇదే మందు. పాట చరిత్ర, చేప సంగతి, పదకొండేళ్ళ ఎడం, ఇవన్నీ చెప్పడానికి ఆ అయిదు నిమిషాలు బాగా పనికొస్తాయి. ఈ లోపు చెవులు పాత శ్రుతిని మరిచిపోతాయి.

బెజవాడ ఎండలో తెచ్చిన గిటార్‌ను ఏసీ హాల్లో పెట్టగానే తీగలు బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. స్టేజి లైటు కింద వేడెక్కితే కిందికి జారుతుంది. విరామంలోనే గిటార్లను స్టేజి పక్కకు చేర్చి, సినిమా చివర్లో కాకుండా మీ మాట జరుగుతున్నప్పుడు, చప్పుడు రాకుండా క్లిప్ ట్యూనర్‌తో శ్రుతి చేయండి. అకౌస్టిక్‌కు వారం ముందు కొత్త తీగలు, 12 సైజువి, వేయండి. ముందురోజు వేస్తే ఇంకా సాగుతూ ఉంటాయి.

పాట అయ్యాక ‘ఇంకోటి’ అని అరుస్తారు. వాయించకండి. స్టేజి లైటు ఆర్పి, హాలు లైట్లు వేయించి, తలుపులు తీయించండి. మైకుసెట్టు సర్దే ముందు బాక్సుల పవర్ ముందుగా ఆపి, తర్వాత మిక్సర్ ఆపితే ‘ధబ్’ మనే దెబ్బ పడదు. ప్రొజెక్టర్ ఫ్యాను తిరగడం ఆగేదాకా యూపీఎస్ ఆపొద్దు. మన చెమటకు తీగలు పది రోజుల్లో తుప్పు పడతాయి, పెట్టెలో పెట్టేముందు పొడిగుడ్డతో తుడవండి.